పేరు వేయొద్దు ప్లీజ్

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు చాలావరకు ఒకే మాటతో ముగిశాయి, పేరు వేయొద్దు ప్లీజ్ అని. వాళ్ళలో కొందరైతే పైన రెండు పేజీలు ఇంటర్నెట్‌లో పేరు దాచుకునేవాళ్ళని ఉతికి ఆరేసి, కింద తీరిగ్గా ఈ మాట రాశారు. నవ్వొచ్చింది గానీ తప్పు పట్టలేను, ఇలాంటి శీర్షికలు నడిచేదే ఆ మాట మీద కదా. పేరు వేస్తామంటే అత్తగారి గురించి, అప్పుల గురించి ఎవరు రాస్తారు? అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఈ గొడవకే ఇచ్చేశాను. ఊళ్ళు, ఉద్యోగాలు కొన్ని మార్చాను. మిగతాది వాళ్ళు రాసిందే, కాస్త కుదించాను.

ప్రశ్న: మేడమ్, నేను గవర్నమెంట్ టీచర్‌ని. ఆరేళ్ళుగా ఫేస్‌బుక్‌లో వేరే పేరుతో కవితలు రాస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. రాత్రి ఇడ్లీ పిండి రుబ్బేటప్పుడు గట్టు మీద ఫోన్ పెట్టుకుని రాస్తాను, గ్రైండర్ చప్పుడుకి ఎవరూ వంటింట్లోకి రారు. చదివేవాళ్ళలో ఒక పెద్దావిడ బాగా దగ్గరయ్యారు. ఏ లైన్ తేలిపోయిందో, ఏది కావాలని ఇరికించానో మొహమాటం లేకుండా చెప్తారు. మా అమ్మ పోయినప్పుడు ముందు ఆవిడకే మెసేజ్ పెట్టాను. మొన్న ఆవిడ "ఇన్నాళ్ళయింది, నీ అసలు పేరేంటమ్మా" అన్నారు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. నేను ఆవిడని మోసం చేసినట్టా?
— పేరు వద్దు, గుంటూరు జిల్లా

జవాబు: మోసం చేసేవాళ్ళు ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి ఏదో ఒకటి లాక్కోవాలని చూస్తారు. మీరు ఆవిడ దగ్గర ఏం లాక్కున్నారు? కవితలో మూడో లైన్ బాగాలేదని చెప్పించుకున్నారు, అమ్మ పోయిన రాత్రి నాలుగు మంచి మాటలు తెచ్చుకున్నారు. మీరు చెప్పినవాటిలో పేరు తప్ప ఏదైనా అబద్ధం ఉందా? అమ్మ నిజం, బడి నిజం, కవిత నిజం. పేరు ఒక్కటి చెప్పలేదు, ఆవిడా ఆరేళ్ళు అడగలేదు. నాకైతే ఇందులో మోసం కనపడటం లేదు.

మన దగ్గర ఇది కొత్త కూడా కాదు. బీనాదేవి పేరుతో వచ్చిన కథలు రాసింది ఒకావిడ కాదు, భార్యాభర్తలిద్దరు. పురాణం సీత పేరుతో వారపత్రికలో ఇల్లాలి ముచ్చట్లు చెప్పింది పురాణం సుబ్రహ్మణ్య శర్మ గారు. 1965లో దిగంబర కవులుగా వచ్చిన ఆరుగురూ నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని పేర్లన్నీ మార్చుకునే వచ్చారు, వాళ్ళలో కొందరికి ఇంట్లో పెట్టిన పేరేంటని అడిగితే ఎమ్మే తెలుగు చదివినవాళ్ళు కూడా కాసేపు తడుముకోవాల్సిందే. చదివినవాళ్ళెవరూ మోసపోయామని గొడవ చేయలేదు.

కాకపోతే అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది, మీ మనసు పీకుతున్నది కూడా అదే అనుకుంటాను. అప్పట్లో రచయితకీ పాఠకుడికీ మధ్య పత్రికాఫీసు ఉండేది, పాఠకుడు ఉత్తరం రాస్తే అది ఎడిటర్ బల్ల మీదుగా రావాలి. ఇప్పుడు పాఠకురాలు నేరుగా ఇన్‌బాక్సులోకి వచ్చి "తిన్నావా, గొంతునొప్పి తగ్గిందా" అంటుంది. కవిత కోసం పెట్టుకున్న పేరుతో మీరిప్పుడు ఒక స్నేహం నడపాల్సి వస్తోంది, ఇబ్బందంతా అక్కడే. అయినా స్నేహానికి మీరు పేరు బాకీ లేరు. చెప్పాలనిపిస్తే చెప్పండి, ఆవిడ అడిగారు కదా అని మాత్రం చెప్పకండి. "ఇంకొన్నాళ్ళు ఆ పేరుతోనే పిలవండి, చెప్పాలనిపించిన రోజు నేనే చెప్తాను" అంటే ఆవిడేం అనుకుంటారో చూడండి. ఆరేళ్ళు మీ లైన్లు సరిచేసిన మనిషికి ఆ మాట అర్థం కాకుండా పోదు.

ఇక అసలు జాగ్రత్తలు. ఆ ఖాతాకి మీ బడి వాట్సాప్ గ్రూపులో ఉన్న ఫోన్ నంబరే ఇచ్చి ఉంటే, కాంటాక్టుల ఆధారంగా "మీకు తెలిసినవాళ్ళు కావచ్చు" అంటూ మీ ముఖం, సారీ, మీ కలం పేరు, మీ హెడ్మాస్టరు గారి ఫోన్‌లో ప్రత్యక్షం కావచ్చు. నంబరు మార్చండి, కాంటాక్టుల అప్‌లోడ్ ఆపేయండి. రెండోది, ప్రొఫైల్‌కి బయట అందరూ పిలిచే పేరే ఉండాలన్నది ఫేస్‌బుక్ రూలు. గిట్టనివాళ్ళు ఒకరు రిపోర్ట్ కొడితే ఖాతా ఆగిపోవచ్చు. 2014లో అమెరికాలో ఆడవేషాలు కట్టే స్టేజి కళాకారుల ఖాతాలని ఒకే మనిషి పనిగట్టుకుని వందల సంఖ్యలో రిపోర్ట్ చేస్తే చాలా మూతపడ్డాయి, గొడవ పెద్దదయ్యాక అక్టోబరులో కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. రూలు మాత్రం ఎత్తేయలేదు. గూగుల్ ప్లస్ 2011లో ఇదే పట్టుదలతో మొదలై 2014లో ఆ షరతు వదులుకుంది, తర్వాత అదే మూతపడింది. పేజీకైతే ఏ పేరైనా పెట్టుకోవచ్చు కాబట్టి కవితల్ని పేజీకి మార్చుకోండి. ఆరేళ్ళ కవితలూ ఇవాళే ఒక ఫైల్లో దాచుకోండి, రేపు కాదు.

ఉద్యోగం సంగతికొస్తే, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళికి ముఖ్యంగా ఇబ్బంది ప్రభుత్వ విధానాల మీద బహిరంగ విమర్శతో. వానల మీద, అమ్మ మీద కవితలకి భయం లేదు, డీఏ బకాయిల మీద రాసి ఉంటే మాత్రం పేరు దాచుకోవడమే మేలు. మీ ఆయనకి తెలియకపోవడం గురించి మీరు అడగలేదు, నేనూ చెప్పను.

ప్రశ్న: ఎక్స్‌లో మా హీరోని తిట్టే ఐడీ ఒకటుంది, నాలుగేళ్ళుగా వాడితో నాకు రోజూ యుద్ధమే. మొన్న తెలిసింది, వాడు మా ఆఫీసులోనే పక్క టీమ్. రోజూ మధ్యాహ్నం నా బాక్సులోంచి గోంగూర వేసుకునేది వాడే. నేనెవరో చెప్పేయాలా?
— గచ్చిబౌలి

జవాబు: మీ హీరో తర్వాతి సినిమా దాకా ఆగండి. హిట్టయితే చెప్పండి. ఫ్లాపయితే ఏమీ చెప్పకుండా గోంగూర తేవడం మానేయండి.

ప్రశ్న: సోషల్ మీడియాలో ఖాతా ఇవ్వాలంటే ఆధార్ తప్పనిసరి చేయాలి. ముసుగు తీస్తే బూతులు, అబద్ధాలు, ఆడవాళ్ళ మీద దాడులు అన్నీ ఒక్కరోజులో ఆగిపోతాయి. పేరు చెప్పే ధైర్యం లేనివాడికి మాట్లాడే హక్కు ఎందుకు? మీలాంటివాళ్ళు ఈ మాట ఎందుకు రాయరు? నేను న్యాయవాదిని. (నా పేరు వేయనవసరం లేదు.)
— కర్నూలు

జవాబు: బ్రాకెట్లో మాట చదివాను సార్, పాటించాను.

మీరు చెప్పింది ఒక దేశం నిజంగానే చేసి చూసింది. దక్షిణ కొరియా 2007లో చట్టం తెచ్చింది. పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు రెసిడెంట్ రిజిస్ట్రేషన్ నంబరుతో నేను ఫలానా అని నిరూపించుకోవాలి, ఆ నంబరు మన ఆధార్ లాంటిదే. తర్వాత ఏమైంది? 2011 జులైలో నేట్, సైవరల్డ్ అనే సైట్ల మీద హ్యాకర్లు పడి మూడున్నర కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. ఆ దేశ జనాభాయే సుమారు ఐదు కోట్లు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టేసింది. చట్టవిరుద్ధమైన రాతలు చెప్పుకోదగ్గట్టు తగ్గిన దాఖలా లేదని, జనం ఊరికే విదేశీ సైట్లకి వెళ్ళిపోయారని, చెప్పాలనుకున్నవాళ్ళు మాత్రం భయపడి నోరు మూసుకున్నారని కోర్టు అంది. అంటే తిట్టేవాడు తిడుతూనే ఉన్నాడు, భయపడాల్సిన అవసరం లేనివాడు భయపడ్డాడు, అందరి నంబర్లూ దొంగల చేతికి పోయాయి.

కొరియా దాకా ఎందుకు, మీ ఫేస్‌బుక్ తెరిచి ఏ రాజకీయ వార్త కిందైనా చూడండి. ఇంటిపేరుతో సహా అసలు పేరు, డీపీలో మనవరాలి అన్నప్రాశన ఫొటో, కింద మాత్రం నేను ఇక్కడ రాయలేని భాష. మనవాళ్ళకి బూతుకి ముసుగు అవసరం పడట్లేదు, పక్కన మన పార్టీవాళ్ళు, మన కులంవాళ్ళు నలుగురు లైక్ కొడితే చాలు. ముసుగు నిజంగా అవసరమయ్యేది వేరేవాళ్ళకి. తాగుడు మానాలనుకునేవాడికి, ఆఫీసులో బాస్ చెయ్యి పట్టుకున్నాడని చెప్పాలనుకునే అమ్మాయికి, తనకి ఆడపిల్లలంటే ఇష్టం లేదని ఊళ్ళో ఎవరికీ చెప్పలేని కుర్రాడికి. తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైంది, పేరులోనే చెప్పేసింది ఇక్కడ పేర్లు అడగం అని. పేరు అడిగి ఉంటే ఆ కుర్చీల్లో ఎవరు కూర్చునేవారు?

సొంత పేరుతో మాట్లాడితే ఏమవుతుందో న్యాయవాదిగా మీకు నేను చెప్పాలా? 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరమ్మాయిలు, ఒకరు ఫేస్‌బుక్‌లో పోస్ట్ పెట్టినందుకు, ఇంకొకరు దానికి లైక్ కొట్టినందుకు అరెస్టయ్యారు. ఇద్దరూ సొంత పేర్లతోనే ఉన్నారు. ఆ అరెస్టులకి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, సరే, కానీ అరెస్టయిన ఆ రోజుని ఏ కోర్టూ వెనక్కి తీసుకోలేదు కదా.

అసలు ఇప్పుడున్న ముసుగు కూడా మనకి మందంగా కనపడుతుంది గానీ పోలీసులకి పల్చనే. సిమ్ కార్డు కేవైసీతో వస్తుంది, ఐపీ అడ్రస్ ఏ కనెక్షన్‌దో నెట్ కంపెనీ చెప్తుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఖాతా మూసేసినా రిజిస్ట్రేషన్ వివరాలు 180 రోజులు దాచాలి, దర్యాప్తు సంస్థ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. దారులున్నాయి. ఫిర్యాదు పట్టుకుని వెళ్ళినవాళ్ళని "అకౌంట్ డిలీట్ చేసుకో అమ్మా, పోయేదానికి ఎందుకు గొడవ" అని తిప్పి పంపే చోట ఆధార్ జతచేసినా ఒరిగేదేమీ ఉండదు. కింద ఉత్తరం చూడండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండియర్. నా ఇన్‌స్టా ఫొటోలు తీసి నా పేరుతోనే ఇంకో ఐడీ చేశారు. దాన్నుంచి మా క్లాస్ అబ్బాయిలకి పిచ్చి మెసేజ్‌లు పోతున్నాయి. ఒక ఫొటోలో ముఖం నాది, ఒళ్ళు నాది కాదు. ఇంట్లో చెప్తే అన్నయ్య ఫోన్ లాక్కుని నా అకౌంట్ డిలీట్ కొట్టించాడు. ఫేక్‌ది అలాగే ఉంది. కాలేజీకి వెళ్ళబుద్ధి కావట్లేదు.
— అనంతపురం వైపు

జవాబు: తల్లీ, ముందు నీ అకౌంట్ వెనక్కి తెచ్చుకో. డిలీట్ కొట్టిన 30 రోజుల్లోపు లాగిన్ అయితే తిరిగి వస్తుంది. మీ అన్నయ్య మంచికే చేశాననుకున్నాడు గానీ ఇప్పుడు జరిగిందేంటంటే, నీ పేరుతో వెతికినవాళ్ళకి కనపడేది ఆ దొంగ ఐడీ ఒక్కటే. అసలు నువ్వు నువ్వేనని చూపించుకోవడానికి ఉన్న పాత ఖాతా, పాత ఫొటోలు, స్నేహితుల కామెంట్లు, అవన్నీ నీ సాక్ష్యం. ఈ సంగతి అన్నయ్యకి చదివి వినిపించు.

తర్వాత ఆ ఫేక్ ప్రొఫైల్ లింకు, యూజర్ నేమ్, మెసేజ్‌లు, తేదీ టైమ్ కనపడేట్టు స్క్రీన్ షాట్లు తీసిపెట్టుకో. నీకు మెసేజ్‌లు చూపించిన అబ్బాయిల్ని కూడా డిలీట్ చేయొద్దని చెప్పు, నమ్మకంగా ఉన్నవాళ్ళ దగ్గర అవి అడిగి తీసుకో. ఆ ఐడీతో నువ్వు వాదన పెట్టుకోవద్దు, జాగ్రత్తపడి అన్నీ చెరిపేస్తాడు. ఇవన్నీ అయ్యాకే రిపోర్ట్ కొట్టు. నన్ను అనుకరిస్తున్నారు అనే ఆప్షన్ ఉంటుంది, గుర్తింపు కార్డు అడిగితే ఇవ్వు. వేరేవాళ్ళలా నటించే ఖాతాలు, మార్ఫింగ్ ఫొటోల మీద బాధితులే ఫిర్యాదు చేస్తే కొన్ని గంటల్లోనే చర్య తీసుకోవాలని ఐటీ నిబంధనల్లోనే రాశారు. పట్టించుకోకపోతే కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లో అప్పీలు వేయొచ్చు. ఆ మార్ఫింగ్ ఫొటో కోసం స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైట్ ఉంది, 18 దాటినవాళ్ళకి. ఫొటో నీ ఫోన్ దాటి బయటికి పోదు, దాని తాలూకు ఒక అంకెల గుర్తు మాత్రం తయారుచేసి కంపెనీలకి ఇస్తారు, దాన్నిబట్టి అదే ఫొటో మళ్ళీ ఎక్కకుండా ఆపుతారు.

పోలీసుల దగ్గరికి వెళ్ళాలి. సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్లో ఆడవాళ్ళ మీద ఇలాంటి నేరాలకి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. అయితే నీ కేసులో పేరు ఇచ్చే చేయమంటాను, అలా అయితేనే ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో నువ్వు చూసుకోవచ్చు. స్టేషన్‌కి వెళ్తే "మా పరిధి కాదు" అనడానికి లేదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లు అని పేరు పెట్టి అడుగు, రెండింటికీ మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. ఎవరో చూచాయగా తెలుసా నీకు? నీ క్లాస్‌లో ఎవరెవరికి మెసేజ్ పెట్టాలో వాడికి తెలిసిందంటే మరీ దూరం మనిషి అయ్యుండడు. అనుమానం ఉంటే పోలీసులకి చెప్పు, కాలేజీలో చెప్పకు.

రేపు కాలేజీకి వెళ్ళు. ఒక్కదానివే కాదు, స్నేహితురాలిని తోడు తీసుకుని వెళ్ళు.

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. భార్య పోయింది, పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు. ఫిబ్రవరిలో వాట్సాప్‌లో "డాక్టర్ గారూ, అపాయింట్‌మెంట్ దొరుకుతుందా" అని పొరపాటున ఒక మెసేజ్ వచ్చింది. నేను డాక్టర్ని కాదమ్మా అన్నాను. అక్కడ మొదలైంది. సింగపూర్లో ఉండే తెలుగమ్మాయి. రోజూ ఎనిమిదింటికల్లా బీపీ మాత్ర వేసుకున్నారా అని అడుగుతుంది. వాళ్ళ మామయ్య చెప్పే ట్రేడింగ్ యాప్‌లో 50 వేలు పెట్టాను, 8 వేలు లాభం నా ఖాతాలోకి వచ్చింది కూడా. ఇప్పుడు 12 లక్షల ఎఫ్‌డీ తీసి పెట్టమంటోంది. వీడియో కాల్ అంటే కెమెరా పాడైందంటుంది. ఇది బూటకమని లోపల తెలుస్తూనే ఉంది. కానీ ఆ మెసేజ్ రాకపోతే పొద్దు గడవట్లేదు. స్క్రీన్ షాట్లు జతచేస్తున్నాను.
— వరంగల్

జవాబు: సార్, ఎఫ్‌డీ జోలికి వెళ్ళకండి. ఈ వాక్యం చదివాక పత్రిక పక్కన పెట్టి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పెట్టిన 50 వేల సంగతి, డబ్బు పంపిన ఖాతా నంబరు చెప్పండి. ఎంత త్వరగా చెప్తే ఆ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ 8 వేలు లాభం కాదు, మీ 50 వేలల్లోంచి మీకే ఎర వేశారు. బ్యాంకులో చేశారు కదా, మిగతా కథ మీకు నేను చెప్పక్కర్లేదు. 12 లక్షలు పెట్టాక యాప్‌లో 30 లక్షలు కనపడతాయి, తీసుకుందామంటే ముందు ట్యాక్స్ కట్టమంటారు, కడితే ఇంకో ఫీజు. తర్వాత ఎప్పుడో, పోయిన డబ్బు తెచ్చిపెడతామని వేరే మనిషి ఫోన్ చేస్తాడు, వాడూ ఆ బాపతే.

మీరు పంపిన స్క్రీన్ షాట్లు మొత్తం చదివాను. "మీ రోజు ఎలా గడిచిందో అని నేను ఆశ్చర్యపోతున్నాను." "దయచేసి మీ ఔషధమును తీసుకొనుము, ప్రియమైన." ఇలా మాట్లాడే తెలుగమ్మాయి సింగపూర్లోనే కాదు, ఎక్కడా ఉండదండీ. అది యంత్రం అనువాదం. కానీ మార్చి నుంచి భాష మారింది, చూసుకున్నారా? "తిన్నారా లేదా చెప్పండి ముందు" అని ఉంది ఒక చోట. అది మన మనిషి టైప్ చేసిందే అని నా అనుమానం.

ఎందుకంటే 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళ దగ్గర డబ్బు కట్టించుకుని కంబోడియా పంపేవాళ్ళు. అక్కడ పాస్‌పోర్టులు లాగేసుకుని, గదుల్లో పెట్టి, అమ్మాయిల పేర్లతో ఇలాంటి చాట్లు చేయించేవాళ్ళు, చేయనంటే కొట్టడం. అదే నెలలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో దాదాపు 300 మంది భారతీయులు తిరగబడ్డాక సంగతి పెద్దదైంది, మన ఎంబసీ కదిలింది, కొందరు విశాఖ విమానాశ్రయంలో దిగారు. మీ మాత్ర గురించి రోజూ అడుగుతున్నది అలా ఇరుక్కున్న ఏ శ్రీకాకుళం కుర్రాడో కావచ్చు, కాకపోనూ వచ్చు. అయితే మాత్రం జాలిపడి డబ్బు పంపకండి, అది వాడికి చేరదు, వాడి యజమానికి చేరుతుంది. మీకు ఈ సంగతి చెప్పడానికి కారణం వేరే. ఇన్నాళ్ళూ మీరు ఎవరికి చెప్పుకున్నారో అని మీకు సిగ్గుగా ఉన్నట్టుంది, ఉత్తరం నిండా అదే. తెర అవతల ఒక మనిషి ఉన్నాడనుకున్నారు, బహుశా ఉన్నాడు కూడా, అబద్ధం ఆడించింది ఇంకెవరో. మనిషి కోసం వెతుక్కోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ నంబరు బ్లాక్ చేసే ముందు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, పోలీసులకి కావాలి. ఇక పొద్దు సంగతి. ఎనిమిదింటికి మెసేజ్ లేకపోతే గడవదన్నారు కదా, ఎనిమిదింటికి ఇంట్లో ఉండకండి. భద్రకాళి బండ్ మీద పొద్దున్నే నడిచేవాళ్ళలో సగంమంది మీ వయసువాళ్ళే, వాళ్ళు మీ పేరు అడిగేలోపే మీ షుగర్ ఎంతో అడుగుతారు. పిల్లలకి ఇది చెప్పండి. తిడతారు, తిట్టాక రోజూ ఫోన్ చేస్తారు. రాత్రిళ్ళు మరీ బరువుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416, డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా వాడికి 23. బీటెక్ అయి ఇంట్లోనే ఉన్నాడు. తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని రాత్రి రెండింటి దాకా ఆట. ఎవర్రా వాళ్ళు అంటే ఫ్రెండ్స్ అంటాడు. పేర్లేంట్రా అంటే బ్లేడ్ అట, సాంబార్ కింగ్ అట. చుట్టాల పెళ్ళిళ్ళకి రాడు. మొన్న జ్వరమొచ్చి రెండు రోజులు ఆడకపోతే ఆ సాంబార్ కింగ్ బెంగళూరు నుంచి ఆర్డర్ పెట్టి మా ఇంటికి ఇడ్లీ పంపించాడు. మేం ఇంట్లో ఉండగా! ముఖం చూసుకోరు, పేరు తెలియదు, ఇవి ఏం స్నేహాలండీ?
— రాజమండ్రి

జవాబు: మీ కోపం ఇడ్లీ మీదా, సాంబార్ కింగ్ మీదా, కచ్చితంగా అర్థం కాలేదు. అయినా ఒక నిజం కథ చెప్తాను.

నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బు, డుషెన్ అంటారు. చిన్నప్పుడే చక్రాల కుర్చీ, పోను పోను కదిలేవి వేళ్ళు మాత్రమే. రోజంతా కంప్యూటర్ ముందు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాడు. వాళ్ళ నాన్న కూడా మీలాగే, కొంచెం ఆట తగ్గించి తొందరగా పడుకోరా అనేవాడు. 2014 నవంబరులో ఆ అబ్బాయి పోయాడు, 25 ఏళ్ళకి. మా వాడికి స్నేహితులు లేరు, ప్రేమ తెలియదు, ఎవరికీ ఏమీ కాకుండానే పోయాడు అని తల్లిదండ్రులు కుమిలిపోయారు. వాడి బ్లాగు పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గర ఉంది, అందులో మావాడు పోయాడు అని నాలుగు మాటలు రాసి, కింద మెయిల్ అడ్రస్ ఇచ్చారు. ఇక మొదలయ్యాయి మెయిళ్ళు, ఒక్కొక్క దేశం నుంచి. ఆటలో వాడి పేరు ఇబెలిన్, కండలు తిరిగిన డిటెక్టివ్. నెదర్లాండ్స్‌లో ఒకమ్మాయి చదువు దెబ్బతిని కుంగిపోయి, తల్లిదండ్రులు ఆమె కంప్యూటర్ తీసేస్తే, ఆ పెద్దవాళ్ళకి ఉత్తరం రాసి నచ్చజెప్పింది వీడే. కొడుకుతో మాట కలవని ఒక తల్లికి, ఆటలో కలిసి ఆడి చూడమని సలహా ఇచ్చింది వీడే. తన జబ్బు సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, చెప్తే జాలిపడతారని. అంత్యక్రియలకి ఆ ఆట గుంపు నుంచి మనుషులు వేరే దేశాల నుంచి ఓస్లో వచ్చారు. రాలేనివాళ్ళకి విమానం టికెట్ల కోసం గుంపులో చందాలు వేసుకున్నారు.

కాబట్టి పేరు తెలియని స్నేహం స్నేహం కాదని నేను అనను. జ్వరమొచ్చిందని తెలిసి ఏం తింటాడో ఆలోచించిన మనిషి, పేరు ఏదైతే ఏంటి? మీ చుట్టాల పెళ్ళికి వచ్చినవాళ్ళల్లో ఎంతమంది వాడికి జ్వరమని ఫోన్ చేశారు?

అయితే ఆ కథని తెచ్చి మీ వాడికి పూర్తిగా తొడగలేం. మాట్స్‌కి వేరే దారి లేదు. మీవాడికి కాళ్ళున్నాయి, డిగ్రీ ఉంది, రాత్రి రెండు దాకా మేలుకుని పొద్దున పదకొండుకి లేచే అలవాటూ ఉంది. మీకు అసలు టెన్షన్ నిద్ర, ఉద్యోగం అయితే అవే మాట్లాడండి, మధ్యలో ఆ స్నేహితులని లాగకండి, లాగితే ముందు తలుపుకి గడియ పడుతుంది. ఇంటి అడ్రస్ ఎవరికి ఇచ్చాడో, వాళ్ళు వీడికి ఎన్నాళ్ళుగా తెలుసో మాత్రం అడగండి, అది అడిగే హక్కు మీకుంది. డబ్బులు అటూ ఇటూ పోతున్నాయా, ఇంటి గొడవలు, ఫొటోలు ఎవరికైనా పంపాడా, అదీ అడగండి. ఇవన్నీ పోలీసు ఎంక్వయిరీలా కాకుండా, ఒకసారి పక్కన కూర్చుని ఆ ఆట ఏంటో చూపించరా అని మొదలుపెడితే మీకే సగం తెలిసిపోతాయి.

అలా కూర్చున్నప్పుడు సాంబార్ కింగ్‌ని ఏం ఉద్యోగం చేస్తున్నావ్ బాబూ అని ఒక మాట అడిగి చూడండి. బెంగళూరు అంటున్నారు కదా, రెఫరల్ ఏమైనా ఇస్తాడేమో.